రోజువారీ పనుల్లోనే చిన్నపిల్లలకు స్పానిష్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా కొనసాగించాలి

రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు కొత్త భాష రావాలంటే పాఠాలు అక్కర్లేదు. నీళ్ళు కావాలి, ఎత్తుకోవాలి, పోయిన బొమ్మ దొరకాలి, ఇంకోసారి గిరగిరా తిప్పాలి: ఇవీ వాళ్ళ అవసరాలు. ఆ అవసరం తీరుతున్నప్పుడు ఏ మాట చెవిన పడితే ఆ మాట వాళ్ళకు ఉండిపోతుంది. అందుకే రంగుల పేర్లు, జంతువుల పేర్లు గోడకు అంటించి రోజూ అప్పజెప్పించుకునే పద్ధతి నాకు నచ్చదు. నలభై పేర్లు గడగడా చెప్పే పిల్లవాడికి 'ఇలా రా' అంటే అర్థం కాకపోతే, ఆ నలభై పేర్లూ వాడికి ఎందుకూ పనికిరావు.

మీకు స్పానిష్ పెద్దగా రాకపోయినా ఇది మొదలుపెట్టవచ్చు. ఇంట్లో రోజూ జరిగే ఒక పని, ఆ పనికి సరిపడా ఐదారు వాక్యాలు ఉంటే చాలు. పిల్లల కన్నా మీరు ఒక్క అడుగు ముందుంటే సరిపోతుంది.

1. ముందు మీ నోరు తిప్పుకోండి

పిల్లలు మీ నోట విన్నది విన్నట్టే పట్టేస్తారు కాబట్టి ఒక వారం పాటు ఉచ్చారణ మీద మీరు కష్టపడండి. తెలుగువాళ్ళకు ఇది అనుకున్నంత కష్టం కాదు. స్పానిష్‌లో అచ్చులు ఐదే. అవి మన అ, ఎ, ఇ, ఒ, ఉ లకు చాలా దగ్గర. 'త', 'ద' లు మన త, ద ల్లాగే నాలుక పళ్ళకు తగిలి పలుకుతాయి. ఇంగ్లీషు అలవాటులో పడి వాటిని 'ట', 'డ' చేయకండి. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకున్న పెద్దవాళ్ళలో తరచూ వినిపించే తప్పుల్లో ఇదొకటి. తెలుగులోంచి నేరుగా వెళితే ఆ తప్పు రాదు.

ఇక మిగిలినవి త్వరగా చూద్దాం. రాతలో కనిపించే హెచ్ పలకదు. బీ, వీ రెండింటికీ 'బ' లాంటి ఒకే ధ్వని. జే అక్షరాన్ని గొంతులోంచి వచ్చే 'హ' గా పలకాలి. ఎన్ మీద చిన్న అల ఉంటే అది మన 'ఞ'. రాయడంలో తేలిగ్గా ఉంటుందని ఇక్కడ 'న్య' అని రాస్తున్నాను. 'ర' రెండు రకాలు: ఒకటి తేలిగ్గా తగిలేది, ఇంకోటి గట్టిగా దొర్లేది. 'పేరొ' అంటే 'కానీ' అని, 'పేర్రొ' అంటే కుక్క. ఈ దొర్లే 'ర' పలకడం స్పానిష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు కూడా అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడే ధ్వనుల్లో ఒకటి. మీవాళ్ళకు రావడం లేదని టెన్షన్ పడకండి, దాన్ని పట్టుకుని సాధన చేయించకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది. ఈ వ్యాసంలో స్పానిష్ మాటల్లో దీర్ఘం కనిపించిన చోట ఒత్తి పలకండి, మిగతావన్నీ పొట్టిగా వదిలేయండి. ఒత్తు మారితే అర్థం మారిపోయే మాటలు ఉన్నాయి. 'పపా' అంటే నాన్న. 'పాప' అంటే లాటిన్ అమెరికా దేశాల్లో బంగాళాదుంప. మన ఇళ్ళలో ఈ జంటను పిల్లలు ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ మర్చిపోరు.

ఏ దేశపు స్పానిష్ నేర్పాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. యాసలు చాలా ఉన్నాయి. మీ కుటుంబానికి స్పెయిన్‌తోనో, ఫలానా దేశంతోనో సంబంధం ఉంటే అక్కడిదే నేర్పండి. లేకపోతే లాటిన్ అమెరికా తరహా తేలిక. స్పెయిన్‌లో చాలా చోట్ల జెడ్ అక్షరాన్ని, ఎ, ఇ ల ముందు వచ్చే సి అక్షరాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు, లాటిన్ అమెరికాలో అవన్నీ 'స'. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇంకో తేడా వెంటనే తగులుతుంది. ఇద్దరినీ కలిపి 'రండి' అనాలంటే లాటిన్ అమెరికాలో 'బేంగన్', స్పెయిన్‌లో 'బెనీద్'. రెండూ సరైనవే. ఒకటి పట్టుకుని దానిమీదే ఉండండి.

2. ఒకే ఒక్క పని ఎంచుకోండి

రోజంతా స్పానిష్ మాట్లాడదామని మొదలుపెట్టినవాళ్ళు త్వరగా అలిసిపోతారు. అందుకే రోజూ తప్పకుండా, ఒకే వేళకు, ఒకే వరుసలో జరిగే పని ఒకటి చూసుకోండి. బట్టలు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం, స్నానం, బొమ్మలు సర్దడం, పడుకునే ముందు పుస్తకం చూడటం. ఇలాంటి పనిలో తర్వాత ఏం జరుగుతుందో పిల్లలకు ముందే తెలుసు. కాబట్టి మీరు ఏ భాషలో చెప్పినా అర్థం ఊహించగలరు. అర్థం చెప్పే బాధ్యత సగం ఆ పనే మోస్తుంది.

భోజనం మాత్రం మొదటి పనిగా వద్దనే నా సలహా. తినడంలో మారాం చేసే పిల్లలైతే ఆ చిరాకు మొత్తం కొత్త భాషకు అంటుకుంటుంది. అందరూ కాస్త సరదాగా ఉండే పని దగ్గర మొదలుపెట్టండి.

ఎంచుకున్న పనికి ఐదారు వాక్యాలు రాసుకోండి. విడి మాటలు వద్దు, పూర్తి వాక్యాలే. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ గొంతులో ఆ వాక్యాలు విని, వాళ్ళతో పాటు పలికి, నోటికి వచ్చాక పిల్లల దగ్గర వాడండి. చీటీ చూసి చదువుతూ సాక్సు తొడగడం కుదరదు.

3. సాక్సులు, బూట్ల దగ్గర రెండు నిమిషాలు

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. బయటికి వెళ్ళాలి. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

చెయ్యి చాపి 'దామె ఎల్ ప్యే' అనండి. కాలు ఇవ్వు అని. మొదటిరోజు అర్థం కాదు, మీ చెయ్యి చూసి ఇస్తుంది. సాక్సు పైకెత్తి చూపించి 'ఎల్ కల్సెతీన్' అనండి. తొడగండి. ఇప్పుడు రెండో సాక్సును మీ వెనక దాచి, అటూ ఇటూ వెతుకుతున్నట్టు చూస్తూ 'దోందె ఎస్తా ఎల్ ఓత్రొ?' అనండి. ఇంకోటి ఎక్కడుంది అని. కాస్త ఆగండి. ఈ ఆగడం చాలా ముఖ్యం. పిల్ల మీ వెనక్కి తొంగి చూస్తుంది, లాగుతుంది. దొరకగానే 'అకీ ఎస్తా!' ఇదిగో, ఇక్కడుంది. బూటు తొడిగేటప్పుడు 'ఎంపూహ, ఎంపూహ' అంటూ మడమ దగ్గర మీరు నెట్టండి, తనను నెట్టమనండి. కాలు లోపలికి దిగగానే 'య ఎస్తా!' అయిపోయింది. లేచి తలుపు వైపు నడుస్తూ 'బామొస్', వెళ్దాం పద.

అంతే. అందులో ఒక్క తెలుగు అనువాదం కూడా లేదని గమనించారా? 'ఎంపూహ అంటే నెట్టు అని అర్థం' అని చెప్పిన క్షణం నుంచి పిల్లలు స్పానిష్ మాటను వదిలేసి తెలుగు మాట కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. అదెలాగూ వస్తుందని వాళ్ళకు తెలుసు కదా. అర్థం కాలేదనిపిస్తే మాట మార్చకండి, సైగ పెంచండి.

ఇదే వరుస, ఇవే మాటలు, ఇదే గొంతుతో రోజూ చేయండి. మీకు విసుగొస్తుంది. పిల్లలకు రాదు. సాక్సు దాచే చోటు మాత్రం మారుస్తూ ఉండండి. కొన్నాళ్ళకు మీరు 'దోందె' అనేలోపే పిల్ల మీ వెనక్కి పరిగెడుతుంది. ఇంకొన్నాళ్ళకు తనే సాక్సు దాచేసి మిమ్మల్ని అడుగుతుంది. ఆ రోజు మీరు బాగా వెతకాలి మరి.

ఆడపిల్ల, మగపిల్లాడు తేడా ఇక్కడే ఎదురవుతుంది. 'రెడీనా?' అని అడగాలంటే అబ్బాయిని 'లీస్తొ?' అని, అమ్మాయిని 'లీస్త?' అని అడగాలి. మీ గురించి చెప్పుకునేటప్పుడూ అంతే. అలిసిపోయాననడానికి నాన్న 'ఎస్తోయ్ కన్సాదొ' అంటాడు, అమ్మ 'ఎస్తోయ్ కన్సాద' అంటుంది. ఇంట్లో అమ్మ ఒక్కతే స్పానిష్ మాట్లాడుతుంటే అబ్బాయి కూడా 'కన్సాద' అనే అలవాటు చేసుకోవచ్చు. దిద్దనక్కర్లేదు. వాడిని అడిగేటప్పుడు మీరు సరైన రూపం వాడుతూ ఉంటే సర్దుకుంటుంది. వస్తువుల పేర్లు కూడా ఎప్పుడూ ముందున్న 'ఎల్' లేదా 'ల' తో కలిపే చెప్పండి. ఉత్త 'మేస' అని కాకుండా 'ల మేస' అనండి, బల్ల. లింగం గురించి ఒక్క సూత్రం చెప్పకుండానే చెవికి అలవాటవుతుంది.

4. మాట్లాడమని అడక్కండి, చేయనివ్వండి

జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో ఒక పద్ధతి రూపొందించారు. భాష నేర్చుకునేవాళ్ళు ముందు ఆజ్ఞలు విని ఒంటితో ఆ పని చేస్తారు. మాట్లాడటం ఆ తర్వాత, వాళ్ళు సిద్ధమైనప్పుడు. పసిపిల్లలు అమ్మభాష నేర్చుకునేది కూడా ఇలాగే. 'చెయ్యి ఊపు', 'ముద్దు పెట్టు' అంటే చేసి చూపిస్తారు, మాటలు చాలా రోజులకు వస్తాయి.

ఖాళీగా ఉన్నప్పుడు గదిలో నిలబడి ఈ ఆట ఆడండి. 'సాల్త', దూకు. 'కోర్రె', పరిగెత్తు. 'పార!', ఆగు. 'స్యేంతతె', కూర్చో. 'లెబాంతతె', లే. మొదట మీరూ చేస్తూ చెప్పండి. తర్వాత మీరు కదలకుండా చెప్పి చూడండి. ఆ తర్వాత మీరు 'సాల్త' అని కూర్చోండి. మిమ్మల్ని పట్టుకుని వాళ్ళు పడీ పడీ నవ్వితే అర్థమైందన్నమాట. పరీక్ష పెట్టకుండానే మీకు కావాల్సిన సమాధానం దొరికింది. కొన్నాళ్ళకు వాళ్ళను ఆజ్ఞలివ్వమనండి, మీరు చేయండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి లేపే అవకాశం వస్తే ఏ పిల్లలు వదులుకుంటారు?

ఒక చిక్కు ఉంది. స్పానిష్‌లో 'చెయ్యి' కి ముందు 'నో' తగిలిస్తే 'చేయకు' అయిపోదు, క్రియ రూపమే మారుతుంది. 'కోర్రె' అంటే పరిగెత్తు, 'నో కోర్రస్' అంటే పరిగెత్తకు. మొదట్లో వీటి జోలికి పోకండి. 'దెస్పాస్యొ' అంటే నెమ్మదిగా, 'క్విదాదొ' అంటే జాగ్రత్త. ఈ రెండింటితో చాలా వరకు గడుస్తుంది.

నిజంగా ప్రమాదం ఉన్న చోట, అంటే వేడి గిన్నె దగ్గర, రోడ్డు మీద, పిల్లలకు బాగా వచ్చిన భాషలోనే చెప్పండి. కోప్పడాల్సి వచ్చినా తెలుగులోనే కోప్పడండి. కొత్త భాష మొదటి ఏడాదంతా ఆటలో, ముద్దులో, సరదాలో ఉండాలి. స్పానిష్ వినబడగానే భుజాలు ముడుచుకునే స్థితి వచ్చిందంటే దాన్ని మళ్ళీ మార్చడం చాలా కష్టం.

ఈ దశలో పిల్లలు వారాల తరబడి, కొందరు నెలల తరబడి, ఒక్క స్పానిష్ మాట కూడా అనకపోవచ్చు. వింటున్నారు, చెప్పింది చేస్తున్నారు, కానీ నోరు విప్పరు. భాష నేర్చుకునే పిల్లల్లో ఇది మామూలే. చుట్టాలు ఇంటికొచ్చినప్పుడు 'ఏదీ, స్పానిష్‌లో ఒకటి చెప్పు' అని మాత్రం అడక్కండి.

5. రెండింట్లో ఒకటి ఎంచుకోమనండి

వింటూ చేయడం బాగా అలవాటయ్యాక, మాట బయటికి రావడానికి ఎంపిక ఇవ్వడం కన్నా మంచి దారి నాకు తెలియదు. 'ఇదేమిటి?' అని అడిగితే పిల్లలు తమలో తాము వెతుక్కోవాలి. 'ఇదా, అదా?' అంటే మాట వాళ్ళ చెవిలో అప్పుడే పడి ఉంటుంది, తిరిగి అంటే చాలు.

ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో నీళ్ళు పట్టుకుని 'లేచె ఒ ఆగ్వ?' అనండి. వేలు చూపిస్తే 'ఆగ్వ. తోమ, ఆగ్వ' అంటూ ఇచ్చేయండి. తోమ అంటే తీసుకో. చూపించినా ఇవ్వాల్సిందే. మాట అనేదాకా గ్లాసు ఆపి పట్టుకోవడం బాగాలేదు. 'నీళ్ళు' అని తెలుగులో అన్నా ఇవ్వండి, 'ఆ, ఆగ్వ' అని మీరు స్పానిష్‌లో తిరిగి అనండి. చొక్కాల దగ్గర 'ల రోహ ఒ ల అసూల్?', ఎర్రదా నీలిదా? రంగుల పాఠం వేరే పెట్టక్కర్లేదు.

పిల్లలు తప్పుగా అన్నప్పుడు చేయాల్సింది ఇదే. 'కాదు, అలా కాదు' అనే మాట వద్దు. వాళ్ళు అన్నదాన్ని సరిచేసి, మామూలు సంభాషణలో భాగంగా మీరు తిరిగి అనండి. పిల్ల బూటు కోసం 'సపాతొ ఎక్కడ?' అంటే, మీరు 'దోందె ఎస్తా ఎల్ సపాతొ? మ్... అకీ ఎస్తా' అనండి. రెండు భాషలు కలిపి మాట్లాడటం తికమకకు గుర్తు కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు మామూలుగా చేసేదే అది, తెలిసిన మాటతో పని కానిస్తారు. 'నాకు తెలుసు' అనడానికి 'సే' అనాల్సింది 'సాబొ' అంటే కూడా కంగారు వద్దు. స్పానిష్ మాతృభాషగా ఉన్న చిన్నపిల్లలూ అలాగే అంటారు. మిగతా క్రియల పద్ధతిని పట్టుకుని, దీనికీ అదే వర్తిస్తుందనుకోవడం వల్ల వచ్చే తప్పు అది. పద్ధతి పట్టుకున్నారు కదా, సంతోషించండి.

చాలామంది పిల్లల నోట ముందుగా వచ్చే మాటల్లో 'మాస్', 'ఓత్ర బేస్' ఉంటాయి. ఇంకా కావాలి, మళ్ళీ. వాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చేవి అవే మరి. పైకెత్తి తిప్పి కిందికి దించి ఆగి, 'ఓత్ర బేస్?' అని అడగండి. మీ నడుము పట్టేసేదాకా అదే మాట వింటారు.

6. మాటలు వాటంతట అవే పెరిగే ఆటలు

మొదటి పని అలవాటయ్యాక ఆటల్లోకి వెళ్ళండి. మెట్లెక్కేటప్పుడు లెక్కపెట్టండి: ఊనొ, దోస్, త్రేస్, క్వాత్రొ, సీంకొ. ఇక ఆరు నుంచి: సేయిస్, స్యేతె, ఓచొ, న్వేబె, ద్యేస్. అడుగుకో అంకె పడుతుంటే వరుస దానంతట అదే వస్తుంది. దిగేటప్పుడు వెనక్కి లెక్కపెట్టడం పెద్ద పిల్లలకు.

వస్తువు దాచి వెతికించే ఆట అన్నిటికన్నా గొప్పది. స్పానిష్ పిల్లలు ఆడే తీరులోనే ఆడండి. బొమ్మకు దూరంగా ఉంటే 'ఫ్రీయొ, ఫ్రీయొ', చల్లగా ఉంది. దగ్గరికొస్తే 'తీబ్యొ', గోరువెచ్చన. ఇంకా దగ్గరికొస్తే 'కల్యేంతె, కల్యేంతె', వేడి. చెయ్యి తగలబోతుంటే 'తె కేమస్!', కాలిపోతున్నావ్. గొంతు పెంచుతూ తగ్గిస్తూ చెబితే మాట అర్థం గొంతులోనే తెలిసిపోతుంది. దొరికాక ఎక్కడ దొరికిందో కూడా చెప్పండి: 'దెబాహొ దె ల మేస', బల్ల కింద. 'దెత్రాస్ దె ల ప్వేర్త', తలుపు వెనక. కింద, వెనక లాంటి మాటలు బొమ్మలు చూపించి నేర్పడం కష్టం. బల్ల కిందికి దూరి బొమ్మ పట్టుకొచ్చిన పిల్లకు మళ్ళీ వివరించక్కర్లేదు.

జంతువుల అరుపులు కూడా సరదాగా ఉంటాయి. మన కోడి కొక్కొరొకో అంటే స్పానిష్ కోడి 'కికిరికీ' అంటుంది, కుక్క 'గ్వావ్ గ్వావ్' అంటుంది.

7. కడుపులో మాట, మనసులో మాట

ఆకలి, దాహం, నిద్ర, నొప్పి. వీటికి స్పానిష్‌లో మాట దొరికితే పిల్లలకు ఆ భాష సొంతమవుతుంది. 'తేంగొ ఆంబ్రె', ఆకలేస్తోంది. 'తేంగొ సేద్', దాహమేస్తోంది. 'తేంగొ స్వేన్యొ', నిద్రొస్తోంది. పడి మోకాలు గీరుకున్నప్పుడు ముందు ఎత్తుకుని ఓదార్చండి, ఏడుపు తగ్గాక 'తె ద్వేలె అకీ?' అని మెల్లగా అడగండి, ఇక్కడ నొప్పిగా ఉందా అని. జవాబు 'మె ద్వేలె'.

ఇక్కడ తెలుగు మీకు బాగా కలిసొస్తుంది. 'మె ద్వేలె', 'మె గూస్త' లాంటి వాక్యాలు ఇంగ్లీషు నుంచి వచ్చేవాళ్ళకు తలకిందులుగా కనిపిస్తాయి. మనం 'నాకు నొప్పిగా ఉంది', 'నాకు ఇష్టం' అంటాం కదా, అదే కట్టు. 'వస్తున్నాను' అంటే 'నేను' అని విడిగా చెప్పనక్కర్లేనట్టే స్పానిష్‌లోనూ క్రియలోనే అది తెలిసిపోతుంది. మీరు వాక్యాలు నేర్చుకునేటప్పుడు పక్కన అర్థం రాసుకోవాలనుకుంటే తెలుగులోనే రాసుకోండి.

'నో క్యేరొ', నాకొద్దు, కూడా నేర్పండి. వద్దనే హక్కు లేని భాషను ఏ పిల్లలూ తమదనుకోరు. అది అన్నప్పుడు వీలైనంత వరకు గౌరవించండి.

8. పడుకునే ముందు పుస్తకం

పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మలు ఉన్న స్పానిష్ పుస్తకాలు రెండు మూడు చాలు. పుస్తకంలో రాసిందంతా చదవాలని లేదు. 'మీర, ఉన్ గాతొ', చూడు, పిల్లి. 'క్యేన్ ఎస్?', ఎవరు? 'ఇ అఓర?', మరి ఇప్పుడు? అని పేజీ దగ్గర ఆగండి. 'పాస ల పాహిన' అంటే వాళ్ళే పేజీ తిప్పుతారు. అదే పుస్తకం మళ్ళీ మళ్ళీ అడిగితే మళ్ళీ మళ్ళీ చదవండి. చివర్లో లైటు ఆర్పుతూ 'బ్వేనస్ నోచెస్, ఆస్త మన్యాన'. శుభరాత్రి, రేపు కలుద్దాం.

అక్షరాలు మాత్రం ఇప్పుడే నేర్పకండి. స్పానిష్ రాతకు, పలుకుకు చాలా దగ్గర సంబంధం ఉంది కాబట్టి తర్వాత నేర్చుకోవడం తేలికే. ఇంగ్లీషు అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు అవే అక్షరాలకు ఇంకో ధ్వని చెబితే రెండూ కలగాపులగం అవుతాయి. ఒక భాషలో చదవడం కుదురుకున్నాక చూసుకోవచ్చు.

టీవీ, ఫోన్ల సంగతి

స్పానిష్ కార్టూన్లు పెట్టేస్తే వాళ్ళే నేర్చుకుంటారు కదా అని చాలామంది అడుగుతారు. ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, సహచరులు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని తొమ్మిది నెలల పిల్లలతో చైనా మాండరిన్ మాట్లాడే మనుషులు కూర్చుని ఆడారు, పుస్తకాలు చదివారు. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాలను పట్టుకోగలిగారు. అవే మాటలను వీడియోలోనో, ఆడియోలోనో విన్న పిల్లలకు ఆ ఫలితం రాలేదు. పసిపిల్లలకు ఎదురుగా మనిషి ఉండాలి.

కాస్త పెద్ద పిల్లలకు పాటలు, వీడియోలు పనికొస్తాయి, మీరు పక్కన కూర్చుని కలిసి పాడి, గెంతి, అందులోని మాటను తర్వాత ఇంట్లో వాడితే. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. స్పానిష్ కోసమని ఆ గంటను పెంచకండి. పాట ఒకటి మీరే నేర్చుకుని స్నానం దగ్గర పాడటం ఎంతో మేలు. స్పానిష్ మాతృభాషగా ఉన్న మనిషి ఎవరైనా పరిచయముంటే, వారానికోసారి కలిసి ఆడుకునే ఏర్పాటు చేసుకోండి. మీ యాసలో ఉన్న లోటు అక్కడ పూడుతుంది.

తెలుగు తగ్గించకండి

స్పానిష్ కోసం తెలుగు తగ్గించాల్సిన పని లేదు. కబుర్లు, కథలు, ఎందుకు ఏమిటి అనే పెద్ద పెద్ద ప్రశ్నలు మీకు బాగా వచ్చిన భాషలోనే సాగాలి. అమ్మభాషలో మాటలు, ఊహలు ఎంత పెరిగితే కొత్త భాషకు అంత ఆధారం. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. ఏ భాషలోనూ వయసుకు తగ్గ మాటలు రావడం లేదనిపిస్తే స్పానిష్ ఆపేసి ఎదురుచూడకుండా డాక్టరుకో, స్పీచ్ థెరపిస్టుకో చూపించండి.

తర్వాతి పనికి ఎప్పుడు వెళ్ళాలి

మొదటి పనిలో మీ సైగలు ఆపేసినా పిల్లలు చెప్పింది చేస్తుంటే రెండో పని మొదలుపెట్టవచ్చు. పాత వాక్యాలను కొత్త చోటికి తీసుకెళ్ళండి. సాక్సు దగ్గర నేర్చిన 'దోందె ఎస్తా' స్నానాల గదిలో సబ్బుకు పనికొస్తుంది, 'దామె' చేతి కోసం, టవల్ కోసం పనికొస్తుంది. అందుకే రెండో పనికి కొత్తగా నేర్చుకోవాల్సినవి మొదటిదానికన్నా తక్కువే. 'లాబతె లస్ మానొస్', చేతులు కడుక్కో, 'ఆబ్రె', తెరువు, 'సియేర్ర', మూసెయ్. కుళాయి దగ్గర ఈ మూడూ చాలు.

మధ్యలో జబ్బు, ప్రయాణం, ఇంట్లో పనుల ఒత్తిడి వచ్చి రెండు మూడు వారాలు ఆగిపోతే ఎక్కడ ఆగారో అక్కడి నుంచి కాకుండా మొదటి పని నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. పిల్లలు 'స్పానిష్ వద్దు' అంటే ఆ పూటకు మానేసి, మర్నాడు మాటలు తగ్గించి ఆట పెంచండి. ఇంట్లో ఇంకొకరు కూడా ఒక పని తీసుకుంటే మీ మీద భారం తగ్గుతుంది. అమ్మది బట్టల వేళ అయితే నాన్నది స్నానం, తాతయ్యది మెట్ల మీద లెక్క. ఎవరి వాక్యాలు వాళ్ళు నేర్చుకుని, ఒకరివి ఒకరు విని సరిచూసుకోండి.